కంటిరెప్ప ఒప్పుకున్న గుడ్డ

పోయిన నెల మా అపార్టుమెంటు కింద కార్లు తుడిచే మనిషి చెయ్యి పట్టుకుని మెలి తిప్పాను. నాకు అరవై తొమ్మిదేళ్లు. అతనికి నలభై దాటి ఉంటాయి. చేతిలోని గుడ్డ జారి కింద పడింది. వంగి తీశాడు. తొడకేసి రెండుసార్లు దులిపాడు. మళ్లీ కారు బానెట్ మీద పెట్టబోయాడు. అంతే, నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. "ఏంది సార్, గుడ్డ కిందపడితే సెయ్యి ఇరగ్గొడతారా?" అని అతను మణికట్టు రుద్దుకుంటూ అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. పైగా ఆ కారు నాది కూడా కాదు, పక్క ఫ్లాటు వాళ్లది.

తప్పయిందని చెప్పి పైకొచ్చి కూర్చున్నాను. కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా తాగలేదు. ఆ కోపం నేను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. ఒకాయన దగ్గర అంటుకున్నది. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. పేరు చెప్పను. ఆయన కూతురు ఇంకా చిత్తూరులోనే ఉంది. ఆయన వల్లా నా వల్లా ఆమె పడవలసినదంతా ఎప్పుడో పడింది.

డెబ్భైలు అయిపోయి ఎనభైలు మొదలైన రోజులవి. నేను తిరుపతిలో టాక్సీ నడిపేవాణ్ణి. అంబాసిడర్ కారు. యాత్రికులను కాళహస్తికీ కాణిపాకానికీ తిప్పడమే పని. రేణిగుంట రోడ్డులో ఒక వాటర్ సర్వీసు షెడ్డు ఉండేది. అక్కడ పైపు పట్టి నీళ్లు కొట్టడానికి ఒక మనిషి, సబ్బు రాయడానికి ఒక మనిషి, తుడవడానికి ఈయన. తుడవడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఎందుకని మీరు అడగవచ్చు. వేరే షెడ్లలో ఆ పని ఎండకే వదిలేసేవాళ్లు. కానీ రేణిగుంట బోరు నీళ్లు ఉప్పునీళ్లు. తలస్నానం చేస్తే జుట్టు అట్టగట్టేది. కారు మీద కొట్టి ఎండకు వదిలితే ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క తెల్లమచ్చ అయ్యేది. ఆ మచ్చ మళ్లీ గోకితే తప్ప పోదు, గోకితే రంగు పోతుంది. అందుకని నీళ్లు ఆగిన క్షణం నుంచి ఆయనకు ఎండతో పందెం. "ఎండ తాగేస్తాండాది, తప్పుకోండ్రా!" అని అరుస్తూ ఒక్క దూకు దూకేవాడు. దారిలో ఎవరున్నా సరే, మోచేత్తో పొడిచేసి పోయేవాడు.

పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం రోకళ్లు. ఒంటి మీద బనీను, కింద లుంగీ. లుంగీ ముడి ముందుకు కాకుండా నడుం వెనక్కి వేసుకునేవాడు, వంగినప్పుడు ముడి కారుకు రాసుకోకూడదని. ఉంగరం లేదు. మొలతాడుకున్న తాళంచెవి పొద్దున షెడ్డులోకి రాగానే తీసి మేకుకు తగిలించేవాడు. గోళ్లు మాంసం కనబడేదాకా కత్తిరించుకునేవాడు. ఇంత జాగ్రత్త ఎందుకన్నా అని అడిగాను ఒకసారి. "రంగు మీద గీత పడితే నా కంట్లో గీసినట్టుంటాదప్పా" అన్నాడు. ఆ మాట నిజం. ఆయన చేతిలో ఏ కారుకూ దెబ్బ తగలలేదు. తగిలిందంతా మనుషులకే.

గుడ్డలు ఎంచుకోవడం చూడాలి. ఆ రోజుల్లో పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేవాళ్లు. తిరుపతిలో గుడి కైంకర్యం చేసుకునే అయ్యవార్ల ఇళ్లున్న వీధుల్లో దొరికిన పంచెలు ముందు ఈయనకు చూపించి, ఆ తర్వాతే మూట కట్టేవాళ్లు. ఆ ఇళ్లలో పంచె రోజూ తెల్లవారుజామున తడుస్తుంది, గంజి ఎరగకుండా దండెం మీద ఆరుతుంది. అలా పదేళ్లు తడిసి ఆరిన నూలుగుడ్డ ఎంత మెత్తగా ఉంటుందో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఈయన గంప ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తీసి, కళ్లు మూసుకుని రెప్ప మీద ఇటునుంచి అటు లాగేవాడు. "నా సెయ్యి కాయలు కాసింది, అది అబద్ధం సెప్తాది. రెప్ప సెప్పదు" అనేవాడు. రెప్ప ఒప్పుకున్న దాని మీద ఒక్క నీటిచుక్క వదిలేవాడు. చుక్క నిలబడితే గుడ్డను గంపలోకి విసిరేసేవాడు. చుక్క పడీ పడకముందే ఇంకిపోతే ఆయన మొహం విప్పారేది. "ఇదీ, తాగతాదిది" అని మురిసిపోయేవాడు.

తర్వాత అంచులు పీకేవాడు. జరీ అంచైతే పళ్లతో కొరికి ఒక్క లాగు లాగేవాడు. ఆ చిరిగే చప్పుడుకు షెడ్డులో అందరం తిరిగి చూసేవాళ్లం. కుట్టు ఉండకూడదు, ముడి ఉండకూడదు, ఒంటి చెమట తగలకూడదు. కారు ఒంటికి వేరు, అద్దాలకు వేరు, చక్రాలకు వేరు. చక్రాల గుడ్డలు ఎదురుగోడకు సంచిలో వేలాడేవి. అవి మిగతావాటితో ఒకే బకెట్టులో పడ్డాయంటే ఆ రోజు ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. కుంకుడు రసంతో తప్ప ఉతకనిచ్చేవాడు కాదు. నీడలో తీగ మీద ఆరేయాలి, ఆరేయకముందు తీగను తుడవాలి. ఆరాక మడిచి బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించేవాడు. తుడిచేటప్పుడు రుద్దేవాడు కాదు. తడి కారు మీద గుడ్డను పూర్తిగా పరిచి, రెండు చేతులతో తన వైపుకు మెల్లగా లాక్కునేవాడు. నిద్రపోతున్న మనిషి మీద నుంచి దుప్పటి తీసినట్టుండేది. వెనకాల ఒక్క చుక్క మిగిలేది కాదు.

మొదటిసారి నేను ఆయన చేతి దెబ్బ తిన్నది పరిచయమైన రోజే. తొందర్లో ఉన్నాను, ఒక చెయ్యి వేద్దామని గుడ్డ తీసుకున్నాను. జారి పడింది. పోయిన నెల ఆ మనిషి చేసిన పనే నేనూ చేశాను. బానెట్ మీద నాలుగు రుద్దులు రుద్దానో లేదో, ముంజేతి మీద నిప్పు పడ్డట్టయింది. తడిగుడ్డను రెండు మెలికలు తిప్పి కొట్టాడు. చెప్పులతో కొట్టినా అంత మండదు. నేను తేరుకునేలోపు మెడ పట్టుకుని బానెట్ మీదికి వంచాడు. ముక్కు రేకుకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "సూడు. ఎండకు పెట్టి సూడు. ఏం కనబడతాండాది?" చూశాను. సన్నటి గీతలు, చుట్లు చుట్లుగా, సాలెగూడులా. "ఇసుక రేణువులు నా కొడకా. నేలకు తగిలిన గుడ్డ నేలదే. నీ సేతి వాత వారానికి పోతాది. దీన్ది పోదు."

వాత పది రోజులుంది. పదకొండో రోజు నేను మళ్లీ అక్కడికే పోయాను. ఎందుకంటే స్టాండులో ఇరవై కార్లుంటే యాత్రికులు నడిచి నడిచి నా కారు దగ్గరే ఆగుతున్నారు. అద్దంలాగా ఉంది మరి. అందరు డ్రైవర్లదీ అదే కథ. తన్నులు తినేవాళ్లం, మెరిసే కార్లలో వెళ్లేవాళ్లం. ఎవరెన్ని తిన్నారో ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునేవాళ్లం కూడా. తడ నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు అద్దాల గుడ్డతో మొహం తుడుచుకున్నాడని ఈయన అదే గుడ్డ మెలేసి మూతి మీద కొట్టాడు. పెదవి చీలింది. అతను జాకీ రాడ్డు తీశాడు. ఇద్దరూ బురదలో దొర్లి దొర్లి కొట్టుకున్నారు. విడదీశాక ఈయన కారుతున్న ముక్కును మోచేత్తో తుడుచుకుని, లారీ ముందద్దం ఆరిపోతోందని పరిగెత్తాడు. ఆ కథ మాకు ఒక నెల కాలక్షేపం అయింది.

మధ్యాహ్నం ఆయన భార్య అన్నం క్యారియరుతో పాటు ఉతికి మడిచిన గుడ్డల మూట తెచ్చేది. బక్కపలచని మనిషి. ఉతకడం, ఆరేయడం, మడవడం ఆమె పని. మూట విప్పి ఒక్కొక్కటీ వాసన చూసేవాడు, రెప్ప మీద లాగేవాడు. ఆమె నిలబడి ఆయన మొహమే చూస్తూ ఉండేది. కొన్నిసార్లు ఆమె చెంప వాచి ఉండేది. కొన్నిసార్లు చెయ్యి కొంగులోంచి బయటికి తీసేది కాదు. మేం చూసేవాళ్లం. చూసి బీడీలు వెలిగించుకునేవాళ్లం. "వదినా, బాగుండావా?" అని నేనే పలకరించేవాణ్ణి, ఆమె తలూపేది. నాకు ఆయనంటే ఇష్టం. దాచుకోవడం ఎందుకు? పని తెలిసిన మనిషంటే నాకు గౌరవం, ఆ గౌరవంలో పడి చాలా చూడకుండా వదిలేశాను. ఇప్పటికీ నన్ను కాల్చేది అదే.

వాళ్లకు ఒక్కటే కూతురు. చిత్తూరులో ఇచ్చారు. ఆయన్ని అన్నా అని పిలుస్తాను కాబట్టి నన్ను చిన్నాయనా అనేది. తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చింది. నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకుపోయింది నా కారులోనే. ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు తల్లినీ బిడ్డనూ వదిననూ ఇంటికి తెచ్చి దించిందీ నేనే. కాన్పులో కుట్లు పడ్డాయని కారును ఎద్దుబండి కంటే నిదానంగా నడిపాను. ఇల్లు షెడ్డు వెనక వీధిలోనే.

ఆ రోజే నాకొక పెద్ద పని ఉంది. బస్టాండు దగ్గర ఒక లాడ్జీ యజమాని, తన దగ్గర దిగేవాళ్ల కోసం ఒక కారును ఏడాది పొడుగునా పెట్టుకుంటానన్నాడు. నాతో పాటు ఇంకో ముగ్గురు ఆశపడుతున్నారు. పన్నెండింటికి కార్లు చూస్తానన్నాడు. నేను ముందువారమే కారుకు నల్లరంగు కొట్టించాను. కొత్త నల్లరంగు మీద ఉప్పునీళ్ల మచ్చ ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లను దించి నేరుగా షెడ్డుకు వచ్చాను. మనవరాలు ఇంటికొచ్చిందని చెప్పాను. ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ మనిషి అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. "రా, నీ బండిని ఈ పొద్దు అద్దాల గుడ్డతోనే తుడస్తా, ఒళ్లంతా" అన్నాడు. అది ఆయన దగ్గరున్న అన్నింటిలోకీ మెత్తనిది. ముసలి అయ్యవారి పంచె ముక్క. దాన్ని ముందద్దాలకు తప్ప వాడేవాడు కాదు.

నీళ్లు కొట్టడం అయిపోయింది. ఈయన డబ్బా మూత తీశాడు. గుడ్డ లేదు. డబ్బా బోర్లించాడు. లేదు. నడినెత్తిన ఎండ. నా కారు మీద నీళ్లు అంచుల నుంచి ఆరడం మొదలైంది. "బండిని మా ఇంటికాడికి తీసుకుని రా, ఆడ నీడుండాది" అని అరిచి ఇంటి వైపు పరిగెత్తాడు. నేను ఆయన వెనకాలే కారు పోనిచ్చాను. ఆయన లోపలికి పోయాడు, నేను దిగి వాకిట్లో నిలబడ్డాను.

లోపల చాప మీద కూతురు పడుకుని ఉంది. పక్కన బిడ్డ. బిడ్డకు చుట్టి ఉన్నది ఆ గుడ్డే.

"నా అద్దాల గుడ్డ ఎవురు తీసినారు?"

"గమ్మునుండు, ఇప్పుడే నిద్రపోయింది" అంది భార్య. ఆమె మొహంలో కూడా ఆరోజు భయం లేదు, సంతోషం ఉంది. "నేనే తీసినా. పదకొండో దినం దాకా బిడ్డకు కొత్తగుడ్డ తగలకూడదు గదా. ఇంట్లో దానికంటే మెత్తనిది యాడుండాది? నీ రెప్పకు మెత్తగుంటే బిడ్డ ఒంటికీ మెత్తగుంటాదని..."

ఆ మాట పూర్తి కాలేదు. నడుం మీద తన్నాడు. ఆమె నీళ్ల బిందెల మీద పడింది, బిందెలు దొర్లాయి. "ఉచ్చ పోయించేదానికా నేను దాన్ని ఇన్నేండ్లు సాకింది? నాకు సెప్పకుండా డబ్బాలో సెయ్యి పెడతావా?" అని మళ్లీ తన్నాడు. కూతురు కడుపు పట్టుకుని లేచి కూర్చుంది. "నాయనా, వద్దు నాయనా, నేనిప్పి ఇస్తా, ఇదో ఇప్పతాండా" అంటూ బిడ్డ మీది గుడ్డ విప్పబోయింది. ఆయన ఆగలేదు. గుడ్డ కొస పట్టుకుని లాగాడు. గుడ్డతో పాటు బిడ్డ రెండు పొర్లు పొర్లింది. కూతురు బిడ్డ మీద పడి అడ్డుకుంటే, అడ్డుకున్నందుకు చెంప మీద కొట్టాడు. ఆమె తల గోడకు తగిలిన చప్పుడు వాకిట్లోకి వినిపించింది. బిడ్డ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తర్వాత కేరుమంది.

నేను ఏం చేశాను? గడప ఇవతల నిలబడి "అన్నా, వద్దన్నా" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఇరవై ఆరేళ్ల వాణ్ణి, ఆయన కంటే జానెడు పొడుగు. లోపలికి ఒక్క అడుగు వేసి రెండు చేతులూ పట్టుకుంటే అయిపోయేది. పురిటి ఇల్లు, మైల, పరాయి మగవాడు గడప దాటకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. అంతకు గంట ముందు అదే తల్లినీ బిడ్డనూ నా కారులో ఎక్కించుకుని వచ్చినవాణ్ణి. అప్పుడు గుర్తురాని మైల నాకు ఆ గడప దగ్గర బాగా గుర్తొచ్చింది.

ఆయన గుడ్డతో బయటికి వచ్చాడు. ఒక మూల తడిగా ఉంది. వాసన చూశాడు. ఆ మూల పళ్లతో కొరికి చించి వీధిలో పారేశాడు. మిగిలిన దానితో నా కారు తుడిచాడు. పరవడం, లాక్కోవడం. పరవడం, లాక్కోవడం. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. లోపల బిడ్డ ఏడుస్తూనే ఉంది. వీధిలో ఆడవాళ్లు తలుపుల్లోకి వచ్చారు. ఒక ముసలామె "నీ సెయ్యి పడిపోను, నీ వంశంలో దీపం ఆరిపోను" అని మన్ను చల్లి శపించింది. ఆయనకు వినిపించినట్టే లేదు. మచ్చ పడకముందే పని అయిపోయింది. నేను కారెక్కి స్టార్టు చేశాను. లాడ్జీ యజమాని పన్నెండింటికి చూశాడు. నాలుగు కార్లలో నాదే తీసుకున్నాడు.

పదకొండో రోజు పురిటిస్నానం అయ్యాక కూతురు బిడ్డను తీసుకుని చిత్తూరు వెళ్లిపోయింది. ఆమెను బస్సెక్కించి, తల్లి తిన్నగా షెడ్డుకు వచ్చింది. చేతిలో క్యారియరు లేదు. గోడ మీది డబ్బా తీసింది. ర్యాంపు కింద మడుగు కట్టిన బురదలో గుడ్డలన్నీ దిమ్మరించింది. చెప్పుల కాళ్లతో ఎక్కి తొక్కింది. ఒక్కొక్కదాన్నీ వెతికి వెతికి తొక్కింది. మేమంతా రాళ్లలాగా నిలబడిపోయాం. "ఇప్పుడు కొట్టు" అంది. "ఇంట్లో కొడితే ఎవురూ సూడరు. ఈడ అందురూ ఉండారు. కొట్టు."

ఆయన కొట్టాడు. పిడికిలితో కొట్టాడు. ఆమె పడిపోయింది. రెండోసారి చెయ్యెత్తేసరికి నీళ్ల మోటారు మోగింది. పైపు పట్టే మనిషి, నోట్లోంచి ఎప్పుడూ మాట రాని మనిషి, పైపును ఆయన గుండెల మీదికి తిప్పాడు. లారీ చక్రాల మట్టి వదలగొట్టే నీళ్లవి. ఆయన వెనక్కి విరుచుకు పడ్డాడు. లేవబోతే మొహం మీద, తిరిగితే వీపు మీద. అరిచే నోట్లోకి నీళ్లు పోయి అరుపు ఆగిపోయింది. గోడ దాకా నెట్టుకుపోయి, గోడకు అదిమిపెట్టి కొట్టాడు. చాలు అని మేమెవ్వరం అనలేదు. మోటారు ఆగాక ఆయన బురదలో దగ్గుతూ కూర్చున్నాడు. తుడుచుకోవడానికి ఎవరూ గుడ్డ ఇవ్వలేదు. భార్య లేచి, పెదవి రక్తం కొంగుతో అద్దుకుని, బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఒంటరిగానే ఉన్నాడు. తిరిగి గుడ్డలు పోగు చేశాడు, తనే ఉతుక్కున్నాడు. రెండుసార్లు చిత్తూరు పోతే తలుపు తియ్యలేదట. పెరుగుతున్న మనవరాలి మొహం ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. నేను కాణిపాకం బాడుగకు పోయినప్పుడు ఒకసారి ఆ ఇంటికి వెళ్లాను. కూతురు బయటికి రాలేదు. వదిన వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"మనిషి మెత్తబడినాడు వదినా. బిడ్డను సూడల్లని తపిస్తాండాడు" అన్నాను.

ఆమె తల ఎత్తకుండానే మాట్లాడింది. "ఆ పొద్దు వాకిట్లో నిలబడి సూసినావు గదా అబ్బయా. నిలబడి సూసేది నీకు బాగా వస్తాది. ఇంగో ఏడాది నిలబడి సూడు. ఏడాది పొడుగునా ఒక్క మనిషి మీద గూడా సెయ్యెత్తకుండా ఉంటే పిలుచుకుని రా. మా కూతురు తలుపు తీస్తాది, నేను తీయిస్తా. ఎత్తినాడంటే మాత్రం ఇంగ ఈ గడప తొక్కొద్దు, ఆయనా నువ్వూ."

ఆ మాట ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పాను. వింటూ గుడ్డ మడుస్తున్నాడు. మర్నాటి నుంచి ఆయన చేతులు నాకు కొత్తగా కనబడ్డాయి. ఎవరో కొత్త క్లీనరు ఒంటి గుడ్డతో టైరు తుడిచాడు, ఆయన కళ్లెదుటే. ఈయన చెయ్యి గాల్లోకి లేచింది. లేచి అక్కడే ఆగింది. తర్వాత నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఇంకోసారి ఒక బస్సు డ్రైవరు ఈయన్ని తల్లి మీద తిట్టాడు. ఈయన షెడ్డు వెనక్కి పోయి తన ముంజేతిని తానే కొరుక్కున్నాడు. రక్తం వచ్చేదాకా. ఏడాది తిరిగేసరికి ఆ ముంజేతుల మీద పళ్ల గాట్లు లెక్కలేనన్ని. నేను నా బాడుగలు చూసుకుంటూ, అటు వెళ్లిన ప్రతిసారీ ఆ చేతులను చూస్తూ వచ్చాను. ఎవరి మీదా పడలేదు.

ఏడాది నిండాక బయల్దేరాం. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. పాపకు ఎర్రగౌను కొన్నాడు. పొద్దున్నే వచ్చి, నేను వద్దంటున్నా నా కారు తుడిచాడు. చిత్తూరు దాకా ఆ గౌను పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "బిడ్డ నన్ను సూసి ఏడస్తే ఏం సెయ్యాలప్పా?" అన్నాడు. "ఏడవదులేన్నా" అన్నాను.

వదిన ముందు ఆయన చేతులు చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఏడాది అయ్యిందా?" "అయ్యింది వదినా. ఒక్కరి మీద గూడా లేదు." ఆమె లోపలికి పిలిచింది. కూతురు పాపను చంకనేసుకుని గడపలోకి వచ్చింది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె చాలాసేపు చూసింది. "కూసో నాయనా" అంది. మూడేళ్ల తర్వాత ఆమె నోట ఆ మాట. ఆయన కూర్చోలేదు. ఆమె పాపను దించింది. పాప ఎర్రగౌను కేసి చూసి ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. ఆయన చేతులు వెనక నుంచి మెల్లగా ముందుకొచ్చాయి.

అప్పుడు కూతురి చూపు వీధిలో ఉన్న నా కారు మీద పడింది. ఎండలో నల్లగా మెరుస్తోంది.

"ఇదేనా చిన్నాయనా, ఆ పొద్దు తుడిసిన కారు?"

నోరు మూసుకుని ఉంటే పోయేది. డ్రైవరు బుద్ధి. కారు గురించి ఎవరడిగినా ఏం చెబుతామో అదే నా నోట్లోంచి వచ్చింది. "ఔమ్మా, అదే. మీ నాయన సేతి సలవ, ఇంతవరకూ ఒక్క గీత గూడా పడలేదు" అన్నాను.

చెంప పగిలిపోయిందనుకున్నాను. స్తంభానికి కొట్టుకుని కింద పడ్డాను. ఆయన నా చొక్కా పట్టుకుని లేపి మళ్లీ కొట్టాడు. నోట్లో ఉప్పగా రక్తం. ఆయన ఏడుస్తూ కొడుతున్నాడు. "వాకిట్లోనే ఉంటివి గదరా! ఒళ్లుండాది, వయసుండాది, ఏంటికిరా నన్ను పట్టుకోలేదు? ఆ పొద్దు ఏంటికి నా సెయ్యి ఇరగ్గొట్టలేదురా?"

పాప గుక్కపట్టి ఏడ్చింది. కూతురు ఒక్క ఉదుటున పాపను ఎత్తుకుంది. ఆమె కళ్లలో కోపం కూడా లేదు. "ఇంగా కొడతానే ఉండావు గదా నాయనా" అంది. తలుపు మూసింది. లోపల గొళ్లెం పడింది. వదిన అరుగు మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆయన నా చొక్కా వదిలి ఆ తలుపు కేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆయన్ని కారెక్కించుకుని వచ్చి రేణిగుంటలో దించాను. ఆ తలుపు ఆయన బతికుండగా మళ్లీ తెరుచుకోలేదు. ఆయన చేతి దెబ్బలు నేను చాలా తిన్నాను, వాటిలో నాకు న్యాయంగా రావలసినవి ఆ ఒక్కరోజువే. ఆ మాట నేను ఆ తలుపు కొట్టి ఆమెకు చెప్పి ఉండవలసింది. ఆ రోజు కూడా చెంప పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాను.